గద్దించకుండా ఇవ్వడం: ఇంట్లో, పొలంలో, సంఘంలో

దేవుడు ఎలా ఇస్తాడో యాకోబు ఒక్క వాక్యంలో చెప్పాడు: "ఆయన ఎవనిని గద్దింపక అందరికిని ధారాళముగ దయచేయువాడు" (యాకోబు 1:5). ధారాళంగా ఇవ్వాలని మన సంఘాల్లో ఏటా నాలుగైదు ప్రసంగాలైనా వింటాం. గద్దించకుండా ఇవ్వడం గురించి వినేది తక్కువ. ఐదువందలు చేతిలో పెట్టి "పోయినసారి ఇచ్చినయి ఏం చేసినవ్?" అని అడిగితే, ఆ ఐదువందలు పుచ్చుకున్న మనిషి మళ్లీ మన గుమ్మం తొక్కడు. అవసరం తీరక మిత్తికి తెచ్చుకుంటాడు తప్ప మన దగ్గరికి రాడు. కింద చెప్పిన పద్ధతులన్నీ ఈ ఒక్క చిక్కును దృష్టిలో పెట్టుకుని రాసినవే. వరంగల్, హన్మకొండ, కరీంనగర్, పెద్దపల్లి, మహబూబాబాద్ వైపు నెల జీతం మీదో పంట మీదో రోజు కూలి మీదో నడిచే ఇళ్లకు, నలభై యాభై కుటుంబాలున్న సంఘాలకు ఇవి సరిపోతాయి.

ముందే తీసి పెట్టడం

అవసరం ఎదురైనప్పుడు జేబు తడుముకుంటే ఎవరి జేబులోనూ ఏమీ ఉండదు. ఇరవయ్యో తారీఖు దాటాక అడిగితే మనసున్న మనిషి కూడా "ఇప్పుడు లేవు" అంటాడు, అది నిజమే కూడా. అందుకే పౌలు కొరింథువారికి, తాను వచ్చినప్పుడు చందాలు పోగుచేసే పని పెట్టుకోవద్దని, ప్రతి ఆదివారం ఎవరికివారు వర్ధిల్లిన కొద్దీ కొంత తీసి తమ దగ్గరే ఉంచుకోమని రాశాడు (1 కొరింథీ 16:2). ఇవ్వడం కన్నా ముందు జరగాల్సిన పని ఈ తీసి పెట్టడమే.

జీతం ₹25,000 అనుకుందాం. పదో వంతు ₹2,500. దాన్ని జీతం పడిన రోజే మూడుగా విడదీయండి. ₹1,250 సంఘం కానుకకు. ₹850 పొరుగువారికని వేరే డబ్బాలో, గల్లగురిగి ఉంటే అందులో. మిగిలిన ₹400 ఏటీఎం నుంచి తీసి యాభై రూపాయల నోట్లుగా మార్చి సంచిలోనో బండి డిక్కీలోనో ఉంచండి. ఈ ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫోన్‌పే వచ్చాక అందరి చేతుల్లో నోట్లు కరువయ్యాయి. కాజీపేట స్టేషన్ మెట్ల దగ్గర కూర్చున్న ముసలమ్మకు స్కానర్ ఉండదు. నెలాఖరుకు ఆ నోట్లు మిగిలితే ఇంటి ఖర్చులో కలపొద్దు, పొరుగువారి డబ్బాలో వేయండి. లేకపోతే మూడో నెలకల్లా ఆ నాలుగువందలు కూరగాయల ఖాతాలోకి వెళ్లిపోతాయి.

మిత్తి మీద అప్పులున్న ఇల్లు పదో వంతుతో మొదలుపెట్టక్కర్లేదు. ₹500తో మొదలుపెట్టి, ఒక్కో అప్పు తీరినప్పుడల్లా కొంచెం పెంచుకుంటూ పోవచ్చు. "శక్తికి మించి కాదు గాని కలిమి కొలదియే" అన్న మాట 2 కొరింథీ 8:12లోనే ఉంది. మాసిదోనియ సంఘాలు శక్తికి మించి ఇచ్చాయని అదే అధ్యాయం మూడో వచనం చెబుతుంది. అయితే అది వాళ్లంతట వాళ్లు ఇచ్చినది, ఎవరో మైకులో పేరు పిలిచి ఇప్పించినది కాదు. అప్పు తెచ్చి కానుక వేయమని, వేస్తే వంద రెట్లు వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. విధవరాండ్ర ఇళ్లను దిగమింగేవాళ్ల గురించి ప్రభువు హెచ్చరించిన మరుక్షణమే మార్కు సువార్తలో రెండు కాసుల విధవరాలు కనిపిస్తుంది (12:40–44). ఆ రెండింటినీ విడదీసి చదవకూడదు.

రైతు ఇంటి లెక్క వేరు. పత్తి డబ్బు నవంబర్ నుంచి జనవరి దాకా వస్తుంది. వానకాలం వడ్లవి కొనుగోలు కేంద్రం నుంచి నవంబర్, డిసెంబర్‌లో, యాసంగివి మేలో. నెలనెలా ఇంత అని పెట్టుకుంటే ఆగస్టులో అప్పు చేయాల్సి వస్తుంది. పంట పంటకు లెక్క చూడండి. ఉదాహరణకు రెండెకరాల పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్లో అమ్మితే ₹1,10,000 వచ్చింది. విత్తనాలు, దుక్కి, ఎరువులు, మందులు, ఏరుడు కూలి, కౌలు కలిపి ₹72,000. పెట్టుబడికి తెచ్చిన దాని మీద మిత్తి ₹6,000. మిగిలింది ₹32,000, అందులో పదో వంతు ₹3,200. చేతికొచ్చిన మొత్తం మీదే, అంటే ₹11,000 ఇవ్వాలనే బోధకులు ఉన్నారు. కౌలు రైతుకు ఆ లెక్క చెప్పడం సరికాదన్నది మా అభిప్రాయం. ఇంకొకరికి కట్టాల్సిన డబ్బు మన రాబడి ఎట్లా అవుతుంది?

ఇంకో సంగతి. పదో వంతు తెమ్మనే మలాకీ 3:10ని కానుకల వేళ చదివే అలవాటు మనకు బాగా ఉంది. అదే అధ్యాయం ఐదో వచనం కూలివాళ్లను, విధవరాండ్రను, తండ్రిలేనివాళ్లను బాధపెట్టేవాళ్ల మీద దేవుడు సాక్షిగా నిలుస్తానంటుంది. పదో వచనం చదివే ప్రతి ఆదివారం ఐదోది కూడా కలిపి చదివితే సంఘంలో మాటల తీరే మారుతుంది.

భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య పెద్ద మొత్తాలు ఇవ్వడం వల్ల ఇళ్లలో జరిగే గొడవలు సంఘాలకు కొత్త కాదు. తీసిపెట్టే మొత్తం ఇద్దరూ కూర్చుని ఏడాదికి ఒకసారి ఖాయం చేసుకోవాలి. తల్లిదండ్రులకు చేయాల్సింది ఆపి అది దేవునికి కానుక ఇచ్చామనడాన్ని యేసు కొర్బాను (దేవార్పితం) విషయంలో తప్పుపట్టాడు (మార్కు 7:11–13). తల్లిదండ్రుల బీపీ, షుగర్ మాత్రల డబ్బు మొదటి ఖర్చులో రాయండి. దాన్ని దానం ఖాతాలో చూపించుకోవద్దు.

పిడికెడు బియ్యం, ఇప్పటి లెక్కలో

అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేయడం మన తెలుగు సంఘాల్లో అమ్మమ్మల కాలం నుంచి ఉన్న అలవాటు. పిడికెడంటే 40 నుంచి 50 గ్రాములు. రెండు పూటలకు కలిపితే నెలకు రెండున్నర నుంచి మూడు కిలోలు. నలభై ఇళ్లు ఇస్తే ఇంచుమించు క్వింటాల్.

దీంట్లో తప్పులు జరిగేది మూడు చోట్ల. మొదటిది, డబ్బా రెండు మూడు నెలలు అట్లాగే ఉంటే పురుగు పడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఎండిన వేపాకు వేసి, ప్రతి నెలా మొదటి ఆదివారం ఖాళీ చేయాలి. రెండోది, ఒక ఇంటి సన్నబియ్యం, ఒక ఇంటి దొడ్డుబియ్యం, ఒక ఇంటి పాతవి, ఒక ఇంటి కొత్తవి ఒకే గోనెలో పోస్తే వండేటప్పుడు సగం మెత్తగా, సగం పలుకుగా వస్తుంది. రెండు సంచులు పెట్టి సన్నవి, దొడ్డువి వేరుగా పోయించండి. మూడోది, పోగైన బియ్యాన్ని వేలం వేసి డబ్బు చేసుకోవడం. అందులో రేషన్ బియ్యం కలిసి ఉంటే వాటిని అమ్మడం చట్టప్రకారం నేరం. వండి పెట్టడానికో, వండుకునే ఇంటికి ఇవ్వడానికో మాత్రమే వాడాలి.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు ఉన్న ఇంట్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తోంది. పేద ఇంట్లో ఈ రోజు లోటు బియ్యానిది కాదు. కందిపప్పు, మంచినూనె, చింతపండు, సబ్బులు, గ్యాస్ బండ, ఆడపిల్లలకు ప్యాడ్లు, ముసలివాళ్లకు మాత్రలు ఉండవు. కాబట్టి పిడికెడు అలవాటును అట్లాగే ఉంచి వస్తువు మార్చండి. ప్రతి ఇల్లూ నెలకు అర కిలో పప్పు లేదా ఒక నూనె ప్యాకెట్ తేవాలని పెట్టుకుంటే నలభై ఇళ్ల నుంచి పదిహేను కుటుంబాలకు సరిపడా సరుకు వస్తుంది. బియ్యం పిడికెడు మాత్రం కార్డు లేనివాళ్ల కోసం ఉంచండి. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలతో సహా వచ్చేవాళ్లున్నారు. చలికాలంలో వచ్చి వానలకు ముందు తిరిగిపోయే ఈ మనుషులు ఏ సంఘం జాబితాలోనూ ఉండరు. ద్వితీయోపదేశకాండం మాటిమాటికీ చెప్పే పరదేశి మన జిల్లాల్లో ఎవరంటే వీళ్లే.

కూలి, పరిగె

దానం లెక్కలోకి రాకముందే తీర్చాల్సినవి కొన్ని ఉన్నాయి. నాటు వేసిన వాళ్లకు, పత్తి ఏరిన వాళ్లకు ఏ రోజు కూలి ఆ రోజు సూర్యాస్తమయం లోపు ఇవ్వాలని ధర్మశాస్త్రం (ద్వితీ 24:14–15). "పత్తి అమ్మినంక ఇస్త" అని నెల రోజులు తిప్పుకుని, క్రిస్మస్‌కు అదే కూలి తల్లికి చీర పెడితే ఆ చీర ఎవరి డబ్బుతో కొన్నట్టు? ఇంట్లో బాసన్లు తోమే ఆమెకు, పొలానికి వచ్చే ట్రాక్టర్ డ్రైవర్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ముఠాకు గుత్తగా ఇచ్చేటప్పుడు మేస్త్రీ చేతిలో పెట్టి వదిలేయకుండా అందరికీ అందాయా అని అడగండి.

పరిగె సంగతి, అంటే కోత అయ్యాక పొలంలో మిగిలింది ఏరుకోవడం, పట్టణంలో ఉండేవాళ్లకు అర్థం కాకపోవచ్చు. లేవీయకాండం 19:9–10 ప్రకారం పొలం అంచులు పూర్తిగా కోయకూడదు, రాలినవి ఏరుకోకూడదు, అవి బీదలకు, పరదేశులకు. రూతు బోయజు పొలంలోకి వెళ్లింది ఈ హక్కు మీదే. బోయజు ఇంకో మెట్టు ఎక్కి, పనలలోనుంచి కొన్ని కావాలనే లాగి పడేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్లకు చెప్పాడు (రూతు 2:15–16). ఆమె అడుక్కోలేదు, పనిచేసి తెచ్చుకుంది. ఇచ్చినవాడు ఎదురుగా నిలబడి లెక్కపెట్టలేదు.

మన దగ్గర హార్వెస్టర్ వచ్చాక వరిలో పరిగె తగ్గింది కానీ పోలేదు. మళ్లల్లో మిషన్ తిరగని మూలలు, ఒడ్ల వెంట రెండు సాళ్లు వదలండి. మక్క చేనులో రాలిన కంకులు, పల్లి పీకాక భూమిలో మిగిలిన కాయలు, మిరపలో తాలు, పత్తిలో చివరి ఏరుడు ఇవన్నీ వదలదగ్గవే. మేకలు తోలే ముందు, దున్నే ముందు కనీసం మూడు రోజులు గడువు ఇచ్చి, ఫలానా రోజు దాకా ఏరుకోవచ్చని వాడలో చెప్పించండి. చెప్పకపోతే దొంగతనం అనుకుంటారేమోనని ఎవరూ రారు. మందు కొట్టిన చేనైతే ఆ సంగతి కూడా చెప్పాలి. పొలం లేనివాళ్లు మునగచెట్టు, కరివేపాకు, బోరు నీళ్లను గేటు బయటివాళ్లకు అందేలా ఉంచొచ్చు.

చేతికిచ్చే తీరు

1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి ఒక మాటన్నాడు. మీరు పేదల పోషణకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అని. వందేళ్లు దాటాక అదే మాట ఇప్పుడు మన సంఘాల్లో ఇచ్చే ఇళ్లకు, పుచ్చుకునే ఇళ్లకు మధ్య చెప్పుకోవాల్సి వస్తోంది.

పద్ధతి ఇది. ఒక్కరు వెళ్లొద్దు, నలుగురు వెళ్లొద్దు, ఇద్దరు వెళ్లండి. ఒంటరి ఆడమనిషి ఇంటికైతే ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా స్త్రీ. పొద్దున పదకొండు ప్రాంతంలో వెళ్తే వాకిట్లో జనం ఉండరు, పిల్లలు బడికి పోయి ఉంటారు. పిల్లల ముందు తల్లిదండ్రుల చేతిలో డబ్బు పెట్టొద్దు. చేతిలో కవరు పట్టుకుని గుమ్మంలోకి అడుగుపెట్టకండి, సంచిలో ఉంచండి. కూర్చోండి. వాళ్లిచ్చిన నీళ్లు, చాయ్ తాగండి. మన ఊళ్లలో ఎవరి ఇంట్లో ఎవరు నీళ్లు తాగుతారు అన్నది ఇప్పటికీ గట్టి లెక్కే కాబట్టి ఈ గ్లాసెడు నీళ్లు కవరు కన్నా ఎక్కువ మాట్లాడతాయి. లేచేటప్పుడు కవరు ఇచ్చి, "అక్కా, ఇవి సంఘం పైసలు. మల్ల ఇయ్యాల్సిన పని లేదు, ఎవరికీ చెప్పే పని లేదు" అని అక్కడితో ఆపండి. దేనికి ఖర్చు పెట్టాలో చెప్పొద్దు. ఆ పూట ఉపదేశం వద్దు. వాళ్లు ప్రార్థన చేయమంటే చేయండి, లేకపోతే ఇంటికొచ్చి చేసుకోండి.

ఇంట్లో తాగుడు ఉండి డబ్బు బెల్టు షాపుకు పోతుందన్న భయం నిజమైతే డబ్బు ఇవ్వకుండా కిరాణా దుకాణంలో, మందుల షాపులో, బడిలో నేరుగా కట్టండి. అప్పుడు కూడా దుకాణదారుతో "వాళ్లాయన తాగుతడు గనుక" అని కారణం చెప్పొద్దు.

ఫొటోలు తీయొద్దు. దుప్పటి అందుకుంటున్న ముసలాయన ముఖం పదిహేను వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే, బూర ఊదించుకోవడం గురించి మత్తయి 6:2 చెప్పిందానికీ దానికీ తేడా లేదు. లెక్క చూపించాల్సిన అవసరం ఉంటే సరుకుల ఫొటో, బిల్లు ఫొటో చాలు. ఇంకో దారిలో కూడా గుట్టు బయటపడుతుంది. అదే ప్రార్థన అంశం. "ఫలానా చెల్లికి ఆపరేషన్‌కు అరవై వేలు అయినయి, కట్టలేకపోతున్నది, ప్రార్థన చేద్దాం" అని కూడికలో అంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు, ఒప్పుకున్నా అంకె చెప్పొద్దు.

క్రైస్తవేతరులకు ఇచ్చేటప్పుడు ఆదివారం రమ్మనే షరతు ముడిపెట్టకూడదు. తండ్రి మంచివాళ్ల మీద, చెడ్డవాళ్ల మీద ఒకే వాన కురిపిస్తాడని ప్రభువే చెప్పాడు (మత్తయి 5:45). షరతు పెట్టిన సాయం కొనుగోలు అవుతుంది, ఊళ్లో మాట కూడా పోతుంది.

మిత్తి లేని చేబదులు

మన దగ్గర చాలా ఇళ్లను ముంచేది మిత్తి. ఆస్పత్రి కోసం ₹20,000 నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు ₹600. ఇరవై నెలలకు ₹12,000 కట్టాక కూడా అసలు ఇరవై వేలు అట్లాగే ఉంటుంది. ఇదే ఇంటికి మిత్తి లేకుండా ₹20,000 ఇచ్చి నెలకు వెయ్యి చొప్పున తీసుకుంటే ఇరవై నెలల్లో అప్పు అసలే ఉండదు. పేదవాడైన సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దన్న లేవీయకాండం 25:35–37 ఆజ్ఞ చేసే పని ఇదే.

సంఘంలో ₹60,000 పోగుచేయగలిగితే ముగ్గురికి ఇవ్వొచ్చు. నెలకు మూడు వేలు తిరిగి వస్తుంది కాబట్టి ఏడో నెలకు నాలుగో ఇంటికి ఇవ్వొచ్చు. కాగితం మీద తేదీ, మొత్తం, నెల వాయిదా రాసుకోండి. బంగారం, పాసుపుస్తకం తాకట్టు పెట్టుకోవద్దు. వాయిదా తేదీని కూలి పడే రోజుకో, పంట అమ్మే నెలకో కుదర్చండి. రెండు వాయిదాలు తప్పితే ఇద్దరు వెళ్లి పరిస్థితి అడగాలి. నిజంగా కట్టలేని స్థితి అయితే మిగిలింది మాఫీ చేసి కాగితం వాళ్ల చేతికే ఇచ్చేయాలి. ఈ మాట ఇచ్చే రోజునే చెప్పి ఉంచితే ముఖం చాటేసుకుని సంఘానికే రాకుండా పోయే పరిస్థితి రాదు. సొంతంగా ఇచ్చేవాళ్లు, తిరిగి రాకపోయినా ఇల్లు నడుస్తుంది అనుకున్నంత మొత్తమే ఇవ్వాలి.

జామీను సంతకం మాత్రం వేరు. చిట్టీకి, ఫైనాన్స్ బండికి షూరిటీ ఉండమంటే మొహమాటంతో సంతకం పెట్టడం దాతృత్వం కాదు. సామెతలు 22:26–27 దీన్ని సూటిగా వద్దంటుంది. "సంతకం పెట్టలేను గానీ నాతోని అయ్యేది ఇస్త" అనడం తప్పేం కాదు.

సంఘ నిధి నడిపే తీరు

పౌలు చందాను ఒక్కడే మోసుకుపోలేదు. నింద రాకూడదని తీతుతో పాటు సంఘాలు ఎంచుకున్న మనుషులను పంపాడు (2 కొరింథీ 8:16–21). కాబట్టి కానుకల సంచి విప్పేటప్పుడు ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు ఉండాలి, అక్కడే లెక్కపెట్టి రిజిస్టర్‌లో ఇద్దరూ సంతకం చేయాలి. పేదల నిధి ఖాతా పాస్టర్ గారి సొంత ఫోన్ నంబర్ మీద ఉండకూడదు. ఆయన నిజాయితీ మీద అనుమానంతో చెప్పే మాట కాదు ఇది, ఆయన మీద రేపు నింద పడకుండా చేసే ఏర్పాటు. మూడు నెలలకోసారి మొత్తాలు చదవాలి: వచ్చింది ఇంత, ఎన్ని ఇళ్లకు ఇచ్చాం, మిగిలింది ఇంత. పుచ్చుకున్నవాళ్ల పేర్లు చదవకూడదు, ఇచ్చినవాళ్ల పేర్లు కూడా వద్దు.

₹2,000 వరకు ఇద్దరు నిర్వాహకులు అదే రోజు ఇచ్చేసేలా అధికారం ఉండాలి. కమిటీ కూర్చునేదాకా ఆగమంటే డయాలసిస్‌కు పోవాల్సిన మనిషి ఆగలేడు. అంతకు మించినది కమిటీ చూడొచ్చు, అది కూడా వారం దాటకూడదు.

జాబితాలు ఎప్పుడూ మాట్లాడగలిగినవాళ్ల వైపు మొగ్గుతాయి. యెరూషలేము సంఘంలోనే గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరిగితే, ఆ పని చూడడానికి ఏడుగురిని ఏర్పాటు చేయాల్సి వచ్చింది (అపొ. కార్య. 6:1–6). ఆరు నెలలకోసారి జాబితా తిరగరాసి, మూడు ప్రశ్నలు వేయండి. పెద్దల చుట్టాలు ఎంతమంది ఉన్నారు? గుడికి రాలేక మంచాన పడ్డవాళ్లు ఉన్నారా? ఏడాదిగా ఎన్నడూ నోరు తెరిచి అడగని ఇల్లు ఏది?

అమెరికాలో ఉన్న బంధువులు సంఘానికి డబ్బు పంపుతామంటే ముందు వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పౌరులైతే తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది మన చట్టం ప్రకారం విదేశీ విరాళం. దానికి వేరే రిజిస్ట్రేషన్ లేని సంఘం తీసుకోకూడదు.

డిసెంబర్ కాదు, జూన్

క్రిస్మస్‌కు ఒకే ముసలమ్మకు ఐదు దుప్పట్లు వస్తాయి. జూన్‌లో ఆమె మనవడికి నోటు పుస్తకాలు కొనేవాళ్లు ఉండరు. జూన్‌లో బడులు తెరుస్తారు, విత్తనాలు కొనాలి, కూలి పనులు ఇంకా ఊపందుకోవు. మన వైపు ఇళ్లకు ఏడాదిలో గట్టి నెల అదే. సంఘ నిధిలో కనీసం మూడో వంతు మే నెలాఖరు దాకా కదపకుండా ఉంచండి.

పండుగ భోజనం పెట్టేటప్పుడు లూకా 14:12–14 గుర్తుంచుకుంటే చాలు: తిరిగి పిలవలేనివాళ్లను పిలవడం. యాభై మందికి బగారన్నానికి ఆరున్నర కిలోల బియ్యం, ఎనిమిది కిలోల కోడికూర సరిపోతాయి. రాలేనివాళ్ల కోసం ఎనిమిది టిఫిన్లు వడ్డన మొదలవకముందే కట్టి పెట్టండి, చివర్లో అనుకుంటే గిన్నెలో ఎముకలే మిగులుతాయి. వీధి ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు చివరి బంతిలో కాకుండా మొదటి బంతిలో కూర్చోవాలి.

ఎంజీఎం ఆస్పత్రి ముందు

ఆరోగ్యశ్రీ వైద్యం ఖర్చు చూస్తుంది. రోగి వెంట ఉన్నవాళ్ల తిండి, పోయిన కూలి, బయట రాసిన మందులు చూడదు. ములుగు, భూపాలపల్లి నుంచి రాత్రికి రాత్రి వరంగల్ ఎంజీఎంకు వచ్చినవాళ్లు కట్టుబట్టలతో వస్తారు. సంఘం దగ్గర రెండు మూడు సంచులు సిద్ధంగా ఉండాలి. చాప, దుప్పటి, బకెట్, మగ్గు, సబ్బు, ప్లేటు, గ్లాసు, ఫోన్ చార్జర్, యాభైల్లో ₹300. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు కాబట్టి చార్జీలు కావాల్సింది ఎక్కువగా మగవాళ్లకే.

రక్తం ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది. 18 నుంచి 65 ఏళ్ల మధ్య, 45 కిలోలు తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్లు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. ఎవరికి ఎక్కిందో ఇచ్చినవాళ్లకు ఎన్నడూ తెలియదు. అందరూ గుడ్ ఫ్రైడే నాడే గుంపుగా ఇస్తే ఆ తర్వాత మూడు నెలలు ఆ సంఘంలో ఇచ్చేవాళ్లే ఉండరు. నెలకు నలుగురు చొప్పున పంచుకోండి.

మీకే అవసరం వస్తే

ఇచ్చే అలవాటున్న ఇళ్లు అడగడానికి సిగ్గుపడతాయి. మిత్తికి తెచ్చుకుని, ఏడాది తర్వాత పొలం అమ్మేదాకా ఎవరికీ చెప్పవు. పౌలు ఫిలిప్పీయులు పంపింది పుచ్చుకున్నాడు, ఏం ముట్టిందో రాసి పంపాడు (ఫిలిప్పీ 4:15–18). అడిగేటప్పుడు ఇద్దరు నిర్వాహకుల్లో ఒకరితో ఎంత, ఎప్పటిలోగా, ఉచితమా చేబదులా అన్నది సూటిగా చెప్పండి. "ఏమైనా చూడండి" అంటే వాళ్లకు ఎంత ఇవ్వాలో తెలియదు. అడిగింది నిర్వాహకుడే అయితే ఆ ఒక్క విషయంలో ఆయన పక్కకు తప్పుకోవాలి, ఆయన స్థానంలో స్త్రీల సమాజం నుంచి ఒకరు కూర్చుని సంతకం చేయాలి. పాస్టర్ గారి ఇంటికి అవసరం వచ్చినా ఇదే రిజిస్టర్, ఇవే రెండు సంతకాలు.